సార్‌కు మిగిలిన భాష

ఐదు కొట్టేదాకా ఎవరినీ లోపలికి వదలమని చెప్పి నర్సు వెళ్లిపోయింది, గోడ గడియారంలో ఇంకా నాలుగూ ఐదే, ఈ యాభై ఐదు నిమిషాలు ఎలా గడపాలో తెలియక వనిత వరసగా బిగించిన ఇనుప కుర్చీల్లో చివరిదాంట్లో కూర్చుని చెప్పులు విప్పింది, మళ్లీ తొడుక్కుంది, మళ్లీ విప్పింది. పక్క కుర్చీలో సార్ భార్య సౌభాగ్యమ్మ గోడకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా, దాని మూత మీద రెండు చేతులూ. నాలుగు రోజులుగా అమ్మ ఆ కుర్చీ విడవడం లేదని ఆమె కూతురు వైశాలి ఫోన్‌లో చెప్పింది. మూడో అంతస్తు కిటికీలోంచి నాంపల్లి స్టేషన్ రేకుల కప్పులు కనిపిస్తున్నాయి. ఏదో బండి గురించి మైకులో ముందు తెలుగులో, తర్వాత హిందీలో, ఆ తర్వాత ఇంగ్లీషులో చెబుతున్నారు. మూడుసార్లు విన్నా ఆ బండి ఎక్కడికి పోయేదో వనిత బుర్రకెక్కలేదు. గాజు తలుపు వెనక, మూడో మంచం మీద, ఇంద్రసేన సార్ ఉన్నారు. ఆయన మాట్లాడుతున్నారు. ఏం మాట్లాడుతున్నారో చెప్పడానికే తనను పిలిపించారు.

పొద్దున క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. ఎం.ఏ. రెండో ఏడు, అనువాదం క్లాసు, ఒక్క వాక్యం మీద గంట నుంచి కొట్టుకుంటున్నారు, బయటికొచ్చి ఎత్తితే తెలియని గొంతు. "వనితనేనా? ఎం.ఏ. స్పానిష్ వనిత?" అంది. చదువు తన ఇంటిపేరైనట్టు. "నేను ఇంద్రసేన గారి బిడ్డను, వైశాలిని. నాయన తన ఫోన్ల మీ పేరు గట్లనే రాసుకున్నడు, వనిత ఎం.ఏ. స్పానిష్ అని. జర దవాఖానకు రాగలుగుతరా?" ఆదివారం పొద్దున స్నానానికి పోతూ గడపలోనే కూలిపోయారట, మెదడులో రక్తం గడ్డకట్టిందట, కుడి చెయ్యి పోయిందట, రెండు రోజులు అసలు మాటే లేదట. "మంగళారం మాట వచ్చింది. వచ్చిందని మేమంత ఖుషీ అయినం. కని అది తెలుగు గాదు, ఉర్దూ గాదు, ఇంగ్లీషు గాదు. అమ్మ మొకం జూసుకుంట ఏందేందో అంటడు. డాక్టర్లకు సమజ్ గాలే, నాకు గాలే. స్పానిషేమో అని నిన్న నాకు మతికొచ్చింది." ఒక రికార్డు చేసిన ముక్క వినిపించింది. వార్డు చప్పుళ్లలో మాటలు తెలియలేదు, ఆ గొంతు ఆయనదే, వాక్యం చివర సన్నగా పైకి లేచే ఆ తీరు ఆయనదే. వస్తానని వనిత అంది. ఆయన్ను చూసి ఎనిమిది నెలలైందని మాత్రం అనలేదు.

బస్సు నాంపల్లి దాకా వస్తుంది, అయినా ఆబిడ్స్‌లో దిగింది. ఎందుకు దిగిందో దిగాక గానీ తెలియలేదు. పెద్ద పోస్టాఫీసు ముందు రోడ్డు దాటి, ఆదివారాలు పాత పుస్తకాలు పరిచే పేవ్‌మెంటు మీద గురువారం గనుక బెల్టులూ ఫోన్ కవర్లూ పరిచి ఉంటే వాటిని తొక్కకుండా నడిచి, చిరాగలీ గల్లీలో సార్ టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర ఆగింది. పైన తలుపుకు తాళం. బోర్డు మీద లోయర్, హయ్యర్, షార్ట్‌హ్యాండ్ అన్న అక్షరాలు ఎండకు వెలిసి సార్ పేరు ఒక్కటే నల్లగా మిగిలింది. ఆరేళ్ల కిందట డిగ్రీలో చేరిన కొత్తలో ఈ మెట్లు ఎక్కింది టైపు నేర్చుకుని కోర్టులో నౌకరీ సంపాదించడానికి. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసే నాయన గట్టయ్యకు ఏ సేటు దగ్గరి గుమాస్తానో చెప్పాడు, టైపొస్తే ఆడపిల్లకు కుర్చీ మీది కొలువు దొరుకుతదని. పదకొండు మిషన్ల టకటక, రిబ్బన్ వాసన, నూనె వాసన, మూలన గుడ్డ కప్పిన పన్నెండో మిషన్. దాని ముందు ఎవరినీ కూర్చోనిచ్చేవారు కాదు. ఒకనాడు గుడ్డ ఎత్తి చూసింది. ఎన్ అనే అక్షరం నెత్తిన చిన్న అల గీసి ఉంది. "సార్, ఈ కీ ఖరాబైందా?" అని అడిగితే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఖరాబు గాలేదమ్మా, అది వేరే అక్షరం" అన్నారు. ఆ సంతోషం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది, ఎవరో ఒకరు ఆ మాట అడుగుతారని నలభై ఏళ్లు కాచుకున్న మనిషిలా.

ఇరవై ఆరేళ్ల వయసులో ఆ మిషన్‌ను తుక్కు కింద కొన్నారట. ఏ దేశంలో పుట్టి ఏ ఆఫీసుకొచ్చి మూలపడిందో ఎవరికీ తెలియదు. ఆ అల ఏమిటో తెలుసుకుందామని పేవ్‌మెంటు మీద అట్ట లేని వ్యాకరణం కొన్నారు, షార్ట్‌వేవ్ రేడియోలో గరగరల మధ్య వార్తలు విన్నారు, విన్నది విన్నట్టు పలికారు. ఎవరితో మాట్లాడదామని సార్, అంటే, "మిషన్ ఉన్నది గద, దానికొక మనిషుండాలె గద" అన్నారు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా, టైపు పిల్లలంతా పోయాక, వనిత ఒక్కతే. నాలుగేళ్లు. ఆయనకు సర్టిఫికెట్ లేదు, పరీక్ష లేదు, ఆ భాషలో పుట్టిన మనిషిని ఒక్కరిని కూడా ఎదురుగా చూడలేదు. క్రియలు మాత్రం ఎక్కాల్లా అప్పజెప్పించేవారు, తప్పు పలికితే తిట్టరు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినబడనట్టు నటిస్తారు, అంతే, మళ్లీ చెప్పాలన్నమాట. ఎం.ఏ.లో సీటు వచ్చిన రోజు మొజంజాహి మార్కెట్ దాకా నడిపించుకుపోయి సీతాఫలం ఐస్‌క్రీం ఇప్పించారు. తన కప్పు పట్టుకుని కళ్లు మూసుకుని తింటూ, "నేను చూడని క్లాసురూము నువ్వు చూస్తవు" అన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి చెబితే నాయన అడిగాడు, "స్పానిష్ అంటే ఏ దేశం బిడ్డా?" ఇరవై దేశాలు నాయనా, అంది. "ఇరవై దేశాలల్ల మనోడు ఒక్కడన్న లేడా?" అని ఆయన దిగులుపడ్డాడు. ఉన్నాడు నాయనా, చిరాగలీ గల్లీలో ఉన్నాడు, అని అప్పుడు గర్వంగా అనుకుంది, నిజంగానే అనుకుంది, ఆ గర్వం ఎక్కడ పోయింది, ఏ రోజు పోయింది.

మొదటి నెలలోనే పోయింది. క్లాసులో ఒక పేరా బయటికి చదవమంటే లేచి చదివింది, తప్పు లేకుండా చదివింది, కూర్చున్నాక పక్కనున్న భవ్యశ్రీ కిసుక్కున నవ్వి, "ఏందే, రేడియోల వార్తలు చదివినట్టు చదువుతున్నవ్?" అంది. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. భవ్యశ్రీ చెడ్డది కాదు, నోట్సు ఇస్తుంది, హాస్టల్ మెస్‌లో చోటు ఆపి పెడుతుంది, ఆర్నెల్లు మాడ్రిడ్‌లో ఉండి వచ్చింది గనుక ఆమె నోట్లో ఆ భాష చూయింగ్ గమ్‌లా సాగుతుంది, అంతే. ఎక్కడ నేర్చుకున్నవే, అని అడిగింది. వనిత నోటి నుంచి ఊడిపడిన మాట, "యూట్యూబ్‌ల." ఎంత తేలిగ్గా వచ్చింది! ఆ వారం నుంచి ఫోన్‌లో సినిమాలు పెట్టుకుని, చెవుల్లో తీగలు దూర్చుకుని, వాక్యం చివర పైకి లేవకుండా, అచ్చులు సాగకుండా నేర్చుకుంది. బాత్రూం అద్దం ముందు నాలుక మీద నుంచి సార్‌ను ఒక్కో అక్షరం కడిగేసింది. శనివారాలు ఆబిడ్స్ పోవడం మొదట నెలకు రెండుసార్లయింది, తర్వాత ఒకసారి. ఆయన ఏమీ అనేవారు కాదు. ఏం చెప్పిన్రు క్లాసుల, అని మాత్రం అడిగేవారు, చెబుతుంటే పాత రసీదుల వెనక రాసుకునేవారు. ఒకసారి వనిత కొత్త తీరులో ఏదో అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. తప్పని కాదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

గడియారం నాలుగున్నర. సౌభాగ్యమ్మ నిద్రలో చేతులు సర్దుకుంది, డబ్బా మీద గాజు తగిలి టింగుమంది. వార్డుబాయ్ ఖాళీ స్ట్రెచర్ తోసుకుపోతున్నాడు, దాని ఒక చక్రం కీచుమంటోంది. ఫిబ్రవరి. ఎనిమిది నెలల కిందటి సెమినార్ హాలు. బయటి దేశం నుంచి ఒకావిడ వచ్చి ఉపన్యాసం ఇచ్చింది, పేపర్లో చిన్న వార్త పడింది, చూసి సార్ వచ్చారు. గోధుమ రంగు కోటు వేసుకుని వచ్చారు, హైదరాబాద్ ఎండలో కోటు, మెడ దగ్గర గుండీ పెట్టుకుని, వెనక వరసలో కూర్చున్నారు. ప్రశ్నలున్నాయా అంటే మొట్టమొదట లేచింది ఆయనే. లేచి, చేతిలో చీటీ పట్టుకుని, ఆ రేడియో గొంతుతో, ప్రతి అచ్చునూ నిండుగా సాగదీస్తూ, ముందు నమస్కారం, తర్వాత కృతజ్ఞత, తర్వాత గానీ రాని ప్రశ్న. మధ్య వరసల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు నెమ్మదిగా పాకింది. వచ్చినావిడ మర్యాదగానే బదులు చెప్పింది. ఆయన జీవితంలో ఆ భాషలో పుట్టిన మనిషితో మాట్లాడటం అదే మొదలు. ఆ ఆనందంలో నవ్వులు ఆయనకు వినబడలేదేమో, కూర్చోకుండా హాలంతా కళ్లతో వెతికి వనితను పట్టుకున్నారు. చెయ్యి కొంచెం ఎత్తారు. భవ్యశ్రీ మోచేత్తో పొడిచి, "ఎవరే ఆ తాత? నీకెర్కనా?" అంది. వనిత తల దించుకుని పెన్ను మూత తీసింది. "లే. నాకెర్కలే" అంది.

మెల్లగా అన్నదా, గట్టిగా అన్నదా. ఆయనకూ తనకూ రెండు వరసల దూరం. మైకు ఆగిపోయి ఉంది, హాలు నిశ్శబ్దంగా ఉంది. ఎన్నిసార్లు ఆ మాటను మళ్లీ తన చెవిలో తనే అనుకుని కొలిచి చూసిందో. ఒక్కోసారి వినబడి ఉండదు అనిపిస్తుంది, ఒక్కోసారి హాలు మొత్తానికీ వినబడి ఉంటుంది అనిపిస్తుంది. టీ ఇచ్చే చోట ఆయన లేరు. గేటు దాకా పరిగెత్తితే దొరికేవారు, బస్సు కోసం నిలబడే ఉంటారు, పరిగెత్తలేదు. నెల తర్వాత ఫలితాలొచ్చిన రోజు ఫోన్‌కు ఆయన దగ్గర్నుంచి ఒక సందేశం, స్పానిష్‌లో అభినందనలు, ఒక్క తప్పు లేదు, అక్షరాల మీది గీతలు కూడా ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆ చిన్న బటన్ల ఫోన్‌లో వాటిని ఎంతసేపు వెతికి పెట్టి ఉంటారో. బదులు రాసింది, చెరిపింది. రేపు పోయి కాళ్లు పట్టుకుందాం అనుకుంది. రేపు ఇంటర్నల్స్ వచ్చాయి, తర్వాత ఎండలొచ్చాయి, వానలొచ్చాయి, అమ్మ శంకరమ్మకు జ్వరమొచ్చింది, ఏదో ఒకటి వస్తూనే ఉంది, ఎనిమిది నెలలు. ఇప్పుడు ఆయన నోటికి మిగిలిందల్లా ఆ భాష ఒక్కటే. అది తెలిసిన మనిషి ఈ భవనం మొత్తంలో తానొక్కతే. లోపలికి పోగానే తనను చూసి ఆయన ఆ రోజు సంగతి ఎత్తితే? నీకు నేను ఎరుక లేదన్నావు కదా అని అడిగితే, పక్కనే నిలబడి ఈ పెద్దావిడ, ఏమంటున్నడు బిడ్డా, అని అడిగితే?

"ఎంతసేపైంది బిడ్డా నువ్వొచ్చి?" సౌభాగ్యమ్మ కళ్లు తెరిచింది. "లేపకపోతివి."

"ఇప్పుడే అమ్మా. మీరు పండుకోండ్రి, ఇంక టైముంది."

"నిద్ర గాదు, గట్లనే ఒరుగుడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని వనితను పరీక్షగా చూసింది. "మీ సార్ నీ ముచ్చట మస్తు చెప్తుండె. మా వనిత గిది చదువుతున్నది, మా వనిత గది రాస్తున్నదని. ఈ నడుమ చెప్పుడు బందు వెట్టిండు. నేనడిగితే, పరీక్షలుంటయి గదా, పిల్లను పరేషాన్ చెయ్యొద్దు అన్నడు."

వనిత విప్పిన చెప్పుల్లోకి కాళ్లు దూర్చింది. సౌభాగ్యమ్మ తన ధోరణిలో చెప్పుకుపోతోంది. చిన్నప్పటి తెలుగు పోయి, బజారులో మాట్లాడే ఉర్దూ పోయి, నడుమ నేర్చింది మిగలడమేందని తాను డాక్టర్‌ను అడిగిందట. అరుదుగా ఇట్లా అవుతుంది, ఒక్కో భాష మెదడులో ఒక్కో చోట నిలుస్తుందేమో, దెబ్బ తగలని చోట ఉన్నది మిగిలిందేమో, మిగతావి రావొచ్చు, రాకపోవచ్చు, అన్నాడట. "రెండు దినాలాయె, నా కళ్లల్ల కళ్లు వెట్టి మాట్లాడుతడు. నేను ఔ, ఔ అని తలూపుతున్న. దేనికి ఔనన్ననో నాకే తెల్వది. ఏమన్న అడుగుతున్నడేమో, నేను చేస్తలేనేమో. నలభై మూడేండ్ల సంసారంల ఎన్నడు ఇంత ఫికర్ గాలే నాకు." డబ్బా మూత తీసి చూసుకుని మళ్లీ పెట్టింది. పాలల్లో నానబెట్టిన అన్నం. మింగడం ఇంకా రాలేదు, ముక్కులో గొట్టంతోనే పోస్తున్నారు, ఆ సంగతి ఆమెకూ తెలుసు, అయినా రోజూ వండి తెస్తోంది. వనిత ఆమె చేతి మీద చెయ్యి వేసింది. చెప్పేద్దాం అనుకుంది, అమ్మా, పరీక్షలు కాదు, నేనొక మాట అన్నాను, అని. నాలుక కదిలేలోపే నర్సు తలుపు తీసి, ఇద్దరే, పది నిమిషాలు, అంది.

ఆయన చిన్నగా అయిపోయారు. ఆకుపచ్చ దుప్పటి కింద అంత పొడుగు మనిషి సగమైనట్టున్నారు. నోరు ఒక పక్కకు లాగి ఉంది, గడ్డం నెరిసి పెరిగింది, కళ్లద్దాలు లేవు. ఎడమ చెయ్యి మాత్రం దుప్పటి మీద, వేళ్లు విడివిడిగా ఆడుతున్నాయి. వనిత దగ్గరికి వెళ్లి, శుభ సాయంత్రం ప్రొఫెసర్, అని స్పానిష్‌లో అంది. అనగానే తన గొంతు తనకే కొత్తగా వినబడింది, అచ్చు సాగింది, చివర పైకి లేచింది, ఏడాదికి పైగా కష్టపడి కడుక్కున్నదంతా ఒక్క మాటతో తిరిగొచ్చింది. ఆయన తల తిప్పారు. చూశారు. ఆ చూపులో కోపం కోసం వెతికింది, నొప్పి కోసం వెతికింది, ఫిబ్రవరి కోసం వెతికింది. ఏదీ లేదు. శుభ సాయంత్రం, అన్నారు, దారిన పోయే మనిషికి బదులు చెప్పినంత మర్యాదగా. దారంతా భయపడింది ఆయన ఏమంటారోనని, ఇలా ఏమీ అనకపోవడం దానికన్నా కష్టంగా ఉంటుందని తెలియదు. "సోయ్ సు అలుమ్న" అంది. నేను మీ విద్యార్థినిని. హాలు నిండా మనుషులుండగా అనవలసిన మాట. ఇప్పుడు వినడానికి ఆయనొక్కరే ఉన్నారు, ఆయనకు దానితో పని లేదు. "బ్యెన్, బ్యెన్, సియెంతేసె" అన్నారు, సరే, సరే, కూర్చో అని, ఆలస్యంగా వచ్చిన ఏ పిల్లకైనా చెప్పినట్టు. వనిత స్టూలు మీద కూర్చుంది.

ఆయన చూపు సౌభాగ్యమ్మ మీదికి పోయింది, అక్కడే నిలిచింది. కనుబొమలు ముడివేసి, ఒక్కో మాటా కూడదీసుకుని అడిగారు. "కోమో సె యామ ఉస్తెద్, సెన్యోర?"

"ఇదే!" సౌభాగ్యమ్మ మంచం పట్టీ పట్టుకుంది. "ఇదే బిడ్డా, రెండు దినాల సంది నన్ను జూసి ఇదే అంటున్నడు. ఏమంటున్నడు?"

మొదటి పాఠం. ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీలో ఉండేది. అమ్మా, మీ పేరేమిటి, అని అడుగుతున్నారు. వనిత ఆమె ముఖం చూసింది, రెండు రోజులుగా ఆ ప్రశ్నకు ఔ, ఔ అని తలూపిన ముఖం. "తిన్నరా అని అడుగుతున్నరమ్మా" అంది.

సౌభాగ్యమ్మ నవ్వింది. "నా తిండి ముచ్చటనా? నేను తిన్న అని ఎట్ల చెప్పాలె? జర నాకు నేర్పు, నేనే చెప్త."

తిన్నాను అనే మాట నేర్పితే ఆయనకు కావలసిన జవాబు రాదు, రేపూ అడుగుతారు, ఎల్లుండీ అడుగుతారు, ఆమె తిన్నాను తిన్నాను అంటూనే ఉంటుంది. వనిత చెప్పింది. "మె యామో సౌభాగ్య, అనుండ్రి."

"మె యామో..." ఆమె ఆగింది. పెదవులు అలాగే తెరుచుకుని ఉన్నాయి. మెల్లగా వనిత వైపు తిరిగింది. "తిన్న అనేటందుకు నా పేరెందుకు బిడ్డా?"

పక్క మంచం దగ్గర ఏదో యంత్రం పిట్టలా కూస్తోంది. వనిత నేల చూసింది.

"నా పేరడుగుతున్నడా?"

"ఔనమ్మా."

సౌభాగ్యమ్మ ఏడవలేదు. టిఫిన్ డబ్బా స్టూలు పక్కన కింద పెట్టి, కొంగు భుజం మీద సర్దుకుని, నుదుటి బొట్టు సరిగ్గా ఉందో లేదో వేలితో చూసుకుని, మంచం మీదికి వంగింది. ఆయన ఎదురుచూస్తున్నారు.

"మె యామో సౌభాగ్య" అంది, చెవుడున్నవాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా.

ఆయన నుదురు విప్పుకుంది. లాగిన నోరు సగం నవ్వింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద నుంచి లేచి, గాలిలో తడబడి, ఆమె వేళ్లను అందుకుంది. "ముచో గుస్తో, సెన్యోర సౌభాగ్య" అన్నారు. పేరును రెండుసార్లు పలికారు, రెండోసారి ఇంకా స్పష్టంగా. "ముచో గుస్తో."

"ఇప్పుడేమన్నడు?" ఆమె తల తిప్పకుండానే అడిగింది. "ఈసారి అబద్ధమాడకు బిడ్డా."

"మిమ్మల్ని కలిసినందుకు చాన సంతోషమైంది అంటున్నరు."

సౌభాగ్యమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. నర్సు తలుపు దగ్గర నిలబడి టైమైందని సైగ చేస్తోంది. "నాకు గూడ, అనాల్నంటే ఎట్లనాలె?" అని అడిగింది.

వనిత చెప్పింది. ఆమె రెండుసార్లు లోలోపల అనుకుని, మూడోసారి ఆయనకు వినబడేలా అంది.